కొక్కేనికి తగిలించిన చొక్కా

తొమ్మిదేళ్లుగా అరకు ఘాట్‌లో అంబులెన్స్ నడుపుతున్నాను. శవాన్ని వెనక పెట్టుకుని ఒక్కణ్ణే కొండెక్కిన రోజులున్నాయి. మలుపులో తెల్లచీర కనబడిందని ఎవరైనా చెబితే, ముందు కళ్లు చూపించుకో అని ఎగతాళి చేసేవాణ్ణి. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అంటాను. ఈ ఒక్క సంగతే మింగుడు పడటం లేదు.

పోయినేడాది మాకు కొత్త చొక్కాలిచ్చారు. ఛాతీ దగ్గర లోపలివైపు సెన్సార్లు కుట్టి ఉంటాయి. వేసుకున్నవాడి గుండె ఎంత కొట్టుకుంటోందో బండిలోని ట్యాబ్‌లో కనబడుతుంది. హద్దు దాటితే అంకె ఎర్రబడి అలారం మోగుతుంది. మీ ఆరోగ్యం కోసమేనన్నారు. మాతో ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

ఆ చొక్కాలు కుట్టినవాళ్లకి డోలీ సంగతి తెలియదు. రోడ్డు ఆగిన చోటే మా బండీ ఆగుతుంది. పైనుంచి రోగిని కర్రకు కట్టిన దుప్పటిలో పడుకోబెట్టి మనుషులే మోసుకొస్తారు. మనుషులు చాలకపోతే మేమూ భుజం పెడతాం. కొండ మీద డోలీ మోస్తే ఎవడి అంకైనా ఎర్రబడుతుంది. మూడుసార్లు ఎర్రబడినవాణ్ణి ‘అన్‌ఫిట్’ అని పక్కన పెట్టడం మొదలుపెట్టారు. మావి కాంట్రాక్టు ఉద్యోగాలు. అందుకని డోలీ మొయ్యాల్సి వస్తే చొక్కా విప్పి బండిలో తగిలించి వెళ్లడం అలవాటు చేసుకున్నాం. ఆ తెలివి మొదట నాకే పుట్టింది.

నా బండిలో టెక్నీషియన్ దానియేలన్న. యాభై దాటినవాడు, అప్పటికే రెండుసార్లు ఎర్రబడ్డాడు. ఆ రోజు పదకొండింటికి పురిటినొప్పుల కేసు వచ్చింది. డోలీని వంతులు మార్చుకుంటూ మొయ్యడానికి నలుగురు కావాలి, ఊళ్లో మగాళ్లు ముగ్గురే దొరికారు. బండి ఆగిన మలుపులో తప్ప సిగ్నల్ లేదు కాబట్టి నేను అక్కడే ఉండాలి.

“నాను బేగెల్లి ఒచ్చేత్తాను. నువ్వు డాక్టరమ్మకి ఫోన్ సెయ్యి తమ్ముడా,” అని గుండీలు విప్పాడు. చొక్కా అందుకుని సీటు వెనక కొక్కేనికి తగిలించింది నేనే.

పన్నెండున్నరకి ట్యాబ్‌లో అతని పేరు పక్కన నూట పద్ధెనిమిది కనబడింది. చొక్కా ఒంటి మీద లేకపోతే అక్కడ గీత తప్ప అంకె రాదు. తిరిగి చూశాను. చొక్కా కొక్కేనికే ఉంది. ఇంజిన్ ఆపి ఉంది. నూట నలభై అయింది. నూట అరవై రెండుకి అలారం మొదలైంది. దిక్కుమాలిన మెషిను, మూడో ఎరుపు ఇతని పేరున రాసేస్తుందని కంగారుపడి మోత ఆపే బటన్ నొక్కాను. కాసేపటికి సున్నా అయింది. హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఇంకో అరగంటకి డోలీ దిగింది. ఆ గర్భిణి కడుపు పట్టుకుని పక్కన నడిచి వస్తోంది. డోలీలో దానియేలన్న ఉన్నాడు.

“వాగు దాటినాక కూలబడిపోనాడు బాబూ. నన్ను దించీసి ఆయన్ని ఎక్కించమన్నాను,” అందామె.

ఎన్నింటికని అడిగాను. ఒకతను ఫోన్‌లో టైము చూశాడట, ఒంటిగంటకి పది నిమిషాల ముందు. నా ట్యాబ్‌లో సున్నా పడింది అప్పుడే.

ఆసుపత్రిలో ఆమెకి ఆడపిల్ల పుట్టింది. దానియేలన్నని చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. సాయంత్రం చొక్కా తీస్తే లోపల ఛాతీ దగ్గర చెమటతో తడిసి ఉంది. తగిలించినప్పుడు పొడిగా ఉందని నా చేతులకి తెలుసు.

‘భద్రతా దుస్తులు ధరించలేదు, సొంత నిర్లక్ష్యం’ అని రిపోర్టు రాశారు. ఆ గంటలో అంకెలేవీ నమోదు కాలేదన్నారు. నేను చూశానంటే, షాక్‌లో ఉన్నావని టీ ఇప్పించారు. అతను డోలీ మోస్తూ పోయాడన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అతని భార్య సుసన్నక్క నన్ను పక్కకి పిలిచింది.

“సొక్కా ఎందుకు ఇప్పీసినాడు తమ్ముడా? ఏటైందా రోజు?”

డ్యూటీకి టైమైందని వచ్చేశాను. ఆ తెలివి నాదేనని ఈ రోజుకీ ఆమెకి చెప్పలేదు.

కొక్కేనికున్న చొక్కాకి కొండ మీది గుండె ఎలా అందిందో నాకు తెలియదు. నేను అడిగినవాళ్లెవరూ చెప్పలేకపోయారు. అది నన్నే పిలిచిందని మాత్రం తెలుసు. నేను మోత ఆపేసి కూర్చున్నాను.