నోర్వా కొండమీద శనివారాల మేఘం

ఆర్వి కెర్కెలా ఏం పని చేస్తాడని మా ఊళ్ళో ఎవరినడిగినా "మబ్బులు గోకుతాడు" అని నవ్వుతారు. నవ్వుతారు గానీ, అందులో అబద్ధం లేదు. నోర్వా కొండ నెత్తిమీద, చెట్టనేది మొలవని చోట, గాలిని కొలిచే చిన్న గది ఉంది. కప్పులోంచి లేచిన గొట్టాలు గాలి పీల్చి కింది యంత్రాలకు అందిస్తాయి. చలి మొదలయ్యిందంటే మేఘం వచ్చి ఆ గదిని మింగి రోజుల తరబడి కదలదు. మేఘంలోని తేమ గొట్టాల మీద గడ్డకట్టి వాటి మూతులు మూసేస్తుంది. ఆర్వి పొద్దున్నే కొండెక్కి, కొయ్య గరిటెతో ఆ మంచు గోకి, వడపోత కాగితాలు మార్చి దిగుతాడు. పందొమ్మిదేళ్ళుగా అదే పని.

ఉత్త ఆవిరి తనంతట తాను చుక్క కాలేదు. కంటికి కనబడని నలుసు ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని చుక్కవుతుంది. ఆ నలుసుల్లో కొన్ని పైన్ అడవి వాసనలోంచి పుడతాయి, కొన్ని సముద్రపు ఉప్పుతో వస్తాయి, మిగతావి మనుషుల పొగ. నోర్వా మీద గాలి ఎంత శుభ్రమంటే, చిటికెడు మేఘంలో వంద చుక్కలుంటే ఎక్కువ. ఆ వంద గురించి ఆర్వి కన్నకూతురి మార్కుల్లా గొప్పగా చెప్పుకునేవాడు. చెప్పుకోవడానికి భార్య సైమి ఉన్నంతవరకే లెండి. వాళ్ళకు పిల్లలు లేరు.

సైమి పోయాక ఊళ్ళో ఇల్లు అతన్ని తినేయడానికొచ్చింది. కొండ కింద సరస్సు ఒడ్డున ఆమె పుట్టింటివాళ్ళ పాత గుడిసె ఉంటే అందులోకి మారాడు. దాని పక్కనే కట్టెలతో కాచే సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, ఉంది. మా వైపు పూర్వం ఆడవాళ్ళు సౌనాలోనే కనేవారు. సైమి కూడా ఆ బల్లల మధ్యే పుట్టింది. ఆర్వి ప్రతి శనివారం అక్కడ బర్చ్ కట్టెలు రాజేసి, రెండు తువ్వాళ్ళు తగిలించి, కాలిన రాళ్ళ మీద మొదటి గరిటెడు నీళ్ళు ఆమె పేర పోసేవాడు. తర్వాత రెండు గంటలు కబుర్లు. వారం మొత్తం మీద అతను నోరు విప్పేది అప్పుడే.

కొండవైపు గాలి వీస్తున్నప్పుడు కింద నిప్పు పెట్టకూడదని కొలిచేవాళ్ళ నియమం. ఆర్వి దాన్ని ఏనాడూ తప్పలేదు. పడవల రేవులో కర్రకు గుడ్డపీలిక కట్టుకున్నాడు. అది సరస్సువైపు ఎగిరితేనే అగ్గిపుల్ల గీసేవాడు.

అక్టోబరులో పిరిత్తా వచ్చింది. ఆర్వి కొండమీద తీసే కొలతలతో హెల్సింకిలో పరిశోధన చేస్తున్న పిల్ల. గుడిసెలో కాఫీ తాగుతూ బల్లమీద కాగితాలు పరిచింది.

"బాబాయ్, నాలుగేళ్ళ కష్టం ఫలించింది! చూడు, కొన్ని సాయంత్రాలు చుక్కలు వంద నుంచి మూడొందలకు ఎగబాకుతున్నాయి. నీ అడవే ఏదో కొత్త నలుసుల్ని పుట్టిస్తోంది. సోమవారం వ్యాసం పంపేస్తున్నా."

ఆర్వి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చుక్కల లెక్క చూపే గీతల్లో అన్నిటికంటే పొడుగుది నిరుటి నవంబరు మొదట్లో ఉంది. పోయినవాళ్ళ సమాధుల మీద ఊరంతా కొవ్వొత్తులు వెలిగించే రోజది. ఆ రోజు మాకు ఎప్పుడూ శనివారమే వస్తుంది. ఆ సాయంత్రం అతను సౌనా వదల్లేక మళ్ళీ మళ్ళీ కట్టెలు వేశాడు.

"ఇవి ఏయే వారాలో చూశావా అమ్మాయ్?"

"తారీఖులు చూశా. అడవికి వారాలెందుకు బాబాయ్?"

ఆర్వి కళ్ళద్దాలు తీసేశాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే శనివారం పోతుంది, శనివారంతో పాటు సైమి పోతుంది. ఆ పిల్ల మొహం చూశాడు. ఆనందంతో వెలిగిపోతోంది. అతనికి తనమీద తనకే కోపం వచ్చింది.

"అది అడవి కాదు, నా సౌనా" అన్నాడు. "గుడ్డపీలిక చూసుకునే కాచాను. ఒట్టు."

పిరిత్తా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కింద గాలి ఒకటి, పైన గాలి ఒకటి బాబాయ్. చలి లోయలో పేరుకున్నప్పుడు పొగ నిటారుగా లేస్తుంది. పైకెళ్ళాక కొండమీదికి తిరుగుతుంది. నీ పీలికకు ఆ సంగతేం తెలుస్తుంది?"

"పందొమ్మిదేళ్ళు పైనున్న వెధవకి తెలియాలిగా."

"తిట్టుకోకు. పైన గాలి చూపే యంత్రం ఉంది కదా, అది చూసుకుని కాచుకో."

"పొద్దున చూసి దిగుతాను, సాయంత్రానికి అది తిరుగుతుంది. మళ్ళీ నీ లెక్క పాడు చెయ్యమంటావా?"

"పోనీ ఊళ్ళో కరెంటు సౌనాకి వెళ్ళు."

"అదీ ఓ సౌనానా? రొట్టెలు కాల్చే డబ్బా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పిరిత్తా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. అడవి మీద రాసిన వ్యాసం ఇంక లేనట్టే. బండి ఎక్కుతూ, "చెప్పావు, అది చాలు" అని అతని చెయ్యి పట్టుకుంది.

ఆ శనివారం ఆర్వి నిప్పు రాజెయ్యలేదు. చీకటి పడ్డాక సౌనాలో చల్లటి బల్లమీద కోటుతోనే కూర్చున్నాడు. "సైమీ" అన్నాడు. చల్లారిన రాళ్ళ ముందు ఒక్కడే మాట్లాడుతుంటే పిచ్చివాడిలా అనిపించింది. లేచి వచ్చేశాడు.

సోమవారం పిరిత్తా ఫోను చేసింది. సంతోషం పట్టలేకపోతోంది.

"బాబాయ్, చుక్కలు ఎనభై ఏడే! ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదు. శనివారం సాయంత్రం ఆ లోయలో అసలు మనిషన్నవాడే లేనట్టుంది!"

"అవునమ్మాయ్" అన్నాడు ఆర్వి. "లేడు."