చదవకుండా దాటేసిన నాలుగు వరసలు

“అయితే ఈ ఆదివారం గూడా ఆ నాలుగు వరసలు దాటేస్తావా, మే?”

నిన్న తెగని మాటను పెంచలప్రసాద్ టీ గ్లాసుతో పాటు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“దాటేస్తాను. ముసలోణ్ని ఇంకొన్నాళ్లు ఏడవనీ,” అంది లిదియమ్మ, చర్చికి కట్టుకునే తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

ఆత్మకూరు బస్ డిపో వెనక వీధిలో వీళ్ల ఇల్లు. ఆయన ఆ డిపోలోనే మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఒక్కగానొక్క కొడుకు రూబేను మిలిటరీలో కెప్టెన్. ఈ కాలంలో ఉత్తరాలేమిటంటారా? అది లిదియమ్మ హుకుం. “ఫోన్లో చెప్తే సంఘం ముందర చదివేదెట్లరా? కాయితం మీద రాయి,” అంది. పాపం, ఆ పిల్లవాడు మంచుకొండల్లో కూర్చుని అమ్మానాన్నలకు వేళ్లు కొంకర్లు పోయేలా రాస్తుంటాడు. ఈవిడ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళకు లేచి, “ప్రభువుకు స్తోత్రం” అని మొదలుపెట్టి చదువుతుంది. స్తోత్రం ప్రభువుకే గానీ, చూపంతా ముందు బెంచీలో తల వంచుకున్న చెంచయ్య మీద.

చెంచయ్య ఒకప్పుడు సంఘపెద్ద. రూబేను పది పాసైనప్పుడు ఉదయగిరిలో మిషన్ హాస్టల్ సీటుకు ఆయన సంతకం కావలసి వచ్చింది. “రేపు బస్టాండులో మూటలు మోసేవాడికి హాస్టలెందుకమ్మా?” అని అందరి ముందూ కాగితం వెనక్కి తోశాడు. ఆ మాట లిదియమ్మ గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. కొడుకు భుజం మీద నక్షత్రాలు వచ్చినా ముల్లు దిగలేదు.

ఇప్పుడు ఆ చెంచయ్య మనవడు జయపాల్ తాతతో పోట్లాడి ఇల్లొదిలి పోయాడు. ఆచూకీ లేదు. ప్రతి ఆదివారం ఆయన లేచి మనవడి కోసం ప్రార్థన చేయమంటాడు. వెంటనే లిదియమ్మ లేచి, చివరిగా వచ్చిన ఉత్తరాన్నే మళ్లీ మళ్లీ చదువుతుంది. ఆ ఉత్తరంలోనే ఉన్నాయి ఆ నాలుగు వరసలు: “చెంచయ్య తాత మనవడు జయపాల్ ఇక్కడే ఉండాడమ్మా. మా పోస్టుకు రోడ్డేసే కాంట్రాక్టరు దగ్గర సిమెంటు మూటలు మోస్తా ఉండాడు. ఇంటికి ఫోన్ చెయ్యరా అంటే మొండికేస్తాడు. బాగుండాడని వాళ్లకు చెప్పు.”

మూటలు. ఆ మాట చూసిన రోజు లిదియమ్మ పండగ చేసుకుంది. సంఘం ముందు చదివితే ఎంత తీపి! కానీ చదివితే ముసలాయనకు ప్రాణం లేచొస్తుంది. అదే ఆవిడకు గిట్టలేదు.

ఆ ఆదివారమూ దాటేసి చదివి కూర్చుంది. అప్పుడు చెంచయ్య మళ్లీ లేచాడు.

“లిదియమ్మ కొడుకు ఉత్తరాలు ఇనేదానికే నేను వచ్చేది. ఆడ చలి, ఆ రొట్టెలు, ఆ పడక... ఇనేకొద్దీ మావాడు గూడా ఏడనో ఇట్లనే బతికుండాడులే అనిపిస్తాది. ఆయమ్మ చదివిన దినమే నాకు నాలుగు మెతుకులు దిగతాయి.”

లిదియమ్మకు నెత్తిన నీళ్లు కుమ్మరించినట్టయింది. వారం వారం ముల్లు గుచ్చుతున్నాననుకుంటే, ఇన్నాళ్లూ ఆ ముసలాయనకు గంజి పోస్తూ వచ్చిందా?

ఇంటికొచ్చి చెప్పులు విసిరి విడిచింది. పెంచలప్రసాద్‌కు నవ్వాగలేదు.

“నీ కక్ష ఆయనకు పథ్యమైందే.”

“నవ్వబాకయ్యా. ఆ ఫోనిట్టియ్యి.”

“చెప్పేస్తావా?”

“చెప్పేదేంది, చదువుతాను. ఒక్క ముక్క దాటెయ్యను. మూటల కాడ రెండుసార్లు చదువుతాను. బస్టాండు మాట గుర్తుండాదా పెద్దాయనా అని అడుగుతాను. ఉండాదని ఆయన నోటితో అన్నాకనే బాగుండాడనే ముక్క.”

కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం విప్పింది. మూటల దగ్గర గొంతు ఎంత పెంచాలో ఒకసారి పైకే చదివి చూసుకుంది. గోడ గడియారం వైపు చూసింది.

“ఆయన అన్నానికి కూర్చోకముందే చెయ్యాల,” అంది.