రెండు వేళ్ల ఖాళీ

మొయినాబాద్ మిస్త్రీ పోయాడన్న కబురు నాకు మంగళవారం పొద్దున అందింది. చేవెళ్లలో మా సేటు ఇంటి ముందు మోటారు కడుగుతున్నాను. సురంగల్ నుంచి కూరగాయల బండి తోలుకొచ్చిన మా చిన్నాయన కొడుకు ఎడ్లను ఆపి, దిగకుండానే చెప్పాడు. "అన్నా, మిస్త్రి పానం ఇడిసిండట. నాలుగొద్దుల జరమేనట." సరే అన్నాను. అతను వెళ్లిపోయాక వెనక చక్రాలు రెండూ కడిగాను, అద్దం తుడిచాను, బకెట్ బోర్లించాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ పూటకూ రాలేదు. ఎందుకు రావడంలేదో నాకు తెలియదు.

ఆయన మీలో చాలామందికి తెలిసి ఉండడు. మొయినాబాద్ చివర, పట్నం పోయే రోడ్డు పక్కన నాలుగు రేకుల కింద మోటార్లు బాగుచేసేవాడు. నేను చేవెళ్ల సేటుగారి కిరాయి మోటారు నడుపుతాను. పన్నెండేళ్ల కింద నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మిస్త్రీయే. మాది సురంగల్‌లో ఎడ్లబండ్ల ఇల్లు. మొదట్లో ఎత్తు వచ్చిందంటే చాలు, నాకు తెలియకుండానే నాలుకతో టక్ టక్ అని మోటారును అదిలించేవాణ్ణి. ఆయన పక్క సీట్లో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేవాడు. "ఎడ్లు గావు తమ్మీ, నువ్వెంత అదిలిచ్చినా ఉర్కదు. కాలు జర నిమ్మలంగ ఇడువు" అనేవాడు.

ఆదివారం ఆయన పానా ముట్టేవాడు కాదు. తెల్ల అంగీ వేసుకుని, భార్యతో, అంటే మా వదినెతో కలిసి ప్రార్థనకు వెళ్లొచ్చి, షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చునేవాడు. చేతికి పని లేకపోయినా చెవి ఊరుకునేది కాదు. రోడ్డు మీద ఏ మోటారు పోయినా తల ఒక పక్కకు వంచి వినేవాడు. "దానికి ముందు చక్రంల బేరింగు పోయింది. రేపు వస్తడు సూడు" అనేవాడు. సోమవారం ఆ మోటారు నిజంగానే వచ్చేది. ఆయన మాత్రం వాళ్ల ముందు ఏమీ తెలియనట్టే, "ఏమైంది సాబ్?" అని అడిగేవాడు. అదేమిటన్నా అంటే, చెప్పుకోవాలని అంత దూరం వచ్చినవాణ్ణి చెప్పుకోనివ్వాలి కదా అన్నాడు.

క్లచ్ పెడలును ఆయన ఎప్పుడూ మొదట కాలితో తొక్కేవాడు కాదు. మోటారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో మెల్లగా నొక్కేవాడు. పెడలు మొదట కొంచెం ఊరికే కిందికి పోతుంది, తర్వాత బరువు తగులుతుంది. ఆ ఊరికే పోయే దూరాన్నే ఆయన ఖాళీ అనేవాడు. చూపుడు వేలు, నడిమి వేలు జోడించి పక్కన పెట్టి కొలిచేవాడు. రెండు వేళ్ల ఖాళీ ఉంటేనే మోటారును బయటికి వదిలేవాడు. "తొక్కినా గేరు గొరుకుతున్నదంటె ఖాళీ ఎక్కువైందన్నట్టు. కిందికి పోయి మీదికి రాలేదంటె స్ప్రింగు. పెడల్ ఇడిసినా ఇంజను మొత్తుకుంటది గని బండి గుంజదు సూడు, గప్పుడు ఖాళీ అసల్కే లేదన్నట్టు." ఇవన్నీ నాకు నోటికి వచ్చు. వచ్చీ ఏం లాభం, ఆ సంగతే ఇప్పుడు చెప్పాలి.

యుద్ధం మొదలైన ఏడాది మా మోటారుకు క్లచ్ ప్లేటు అరిగిపోయింది. సేటు పట్నంలో తిరిగి తిరిగి కొత్తది తెప్పించాడు. మిస్త్రీ రెండు రోజులు కష్టపడి గేరుబాక్సు దించి ప్లేటు ఎక్కించాడు. ఖాళీ కొలిచి, పెడలు కింద ఉండే కడ్డీ నట్టు బిగించి, దాని మీద సుద్దతో గీత గీశాడు. "కొత్త ప్లేటు తమ్మీ. నడుస్తుంటె ఖాళీ తగ్గుకుంట వస్తది. నాలుగో రోజు తీస్కరా, మల్ల సూస్త. అందాక నట్టు ముట్టకు" అన్నాడు. ముట్టనన్నాను.

ఆ సాయంత్రం చేవెళ్లలో నూనె దుకాణం ఆయన కొత్త క్లచ్ చూస్తానని నా సీట్లో ఎక్కి కూర్చున్నాడు. కాలితో పెడలు నొక్కి మొహం చిట్లించాడు.

"కొత్త సామాన్ అంటివి, గిట్ల లూజున్నదేంది? ఏం జేసిండు మీ మిస్త్రి?"

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కడ తగిలిందో బండ్ల ఇళ్లవాళ్లకు తెలుస్తుంది. మా ఇళ్లలో కొత్త చక్రం ఎక్కించాక అది అటూ ఇటూ ఊగిందంటే దాన్ని చేసిన వడ్లాయన పరువు పోయినట్టే. మళ్లీ ఎవరూ ఆయన గుమ్మం తొక్కరు. మిస్త్రీ పేరు అట్లా పోతుందని నాకు భయం వేసింది. ఖాళీ ఎందుకో నాకు తెలుసు. తెలిసి కూడా, వాళ్లందరూ వెళ్లాక మోటారు కిందికి దూరి నట్టు తిప్పాను. పెడలు గట్టిగా, ముట్టుకోగానే బరువు తగిలేలా వచ్చింది. ఇక ఎవరూ నవ్వరని సంతోషపడ్డాను. ఆయన పని మీద ఎవరి మాటా పడనివ్వకూడదనే నా తపన అంతా. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

మూడో రోజు సేటుకు పట్నంలో కోర్టు వాయిదా ఉంది. భూమి తగాదా, ఆయనకు చాలా ముఖ్యమైనది. మొయినాబాద్ ఇంకా రాకముందే, చిన్న ఎత్తు మీద ఇంజను మొత్తుకుంది, మోటారు మాత్రం ముందుకు కదల్లేదు. కాలిన వాసన కమ్మింది. పెడలుకు ఖాళీ లేకపోవడంతో ప్లేటు పూర్తిగా పట్టుకోక, జారి జారి మాడిపోయింది. సేటు దారిన పోయే ఎడ్లబండి ఎక్కి వెళ్లాడు. వాయిదా తప్పిపోయింది.

మర్నాడు మోటారును ఎడ్లతో గుంజించి షెడ్డుకు చేర్చాం. సేటు కోపంతో వణికిపోతున్నాడు. మిస్త్రీ ఎప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చుని అరచేయి పెడలు మీద పెట్టాడు. తర్వాత కిందికి దూరాడు. నేనూ ఆయన పక్కన దూరాను. నట్టు మీద సుద్దగీత ఆయన గీసిన చోట లేదు, పక్కకు తిరిగి ఉంది. ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆయన భుజం మీది గుడ్డ తీసి ఆ గీతను తుడిచేశాడు. బయటికి వచ్చి చెప్పాడు.

"నాదే తప్పు సేటూ. ఖాళీ పెట్టుడు మరిచిన."

సేటు నోటికి వచ్చినట్టు తిట్టాడు. ఈ షెడ్డు మళ్లీ తొక్కితే ఒట్టు అన్నాడు. ఆయన అటు పోగానే నేను నోరు తెరవబోయాను. మిస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పకు తమ్మీ. సేటు కోపం ఎర్కనే గద, గియ్యాలనే తీసేస్తడు. నీకు స్టీరింగు ఒక్కటే ఎర్క. నాకు పానాలున్నయి, ఏదో ఒకటి ఇప్పుకుంట బతుకుత."

నాకు అప్పుడు ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అంత కష్టం కూడా కాలేదు, అది దాచడం ఎందుకు.

సేటు చేవెళ్లలో, ఆలూరులో, సంతలో, పెళ్లిళ్లలో కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఖాళీ పెట్టడం మరిచిన మిస్త్రీ అని పేరు పడింది. మెల్లగా మోటార్లు ఆ షెడ్డు ముందు ఆగడం మానేశాయి. ఆయన జన్వాడ వైపు వెళ్లి బావుల మీది ఆయిలింజన్లు బాగుచేశాడు. సైకిళ్లు చూశాడు. వదినె కుట్టుమిషన్‌కు నూనె వేసి తుడుస్తూ కూర్చున్న రోజులూ ఉన్నాయి. ఒకసారి మాత్రం నేను అన్నాను, "అన్నా, ఇప్పుడు సేటుకు చెప్పేస్త" అని. "ఏం చెప్తవ్? కూసో, చాయ్ తాగు" అన్నాడు. చాయ్ తాగాను. ఏడేళ్లలో నేను ఆయన కోసం చేసింది అంతే.

మంగళవారం మధ్యాహ్నం మిస్త్రీ మట్టికి పోతానని సేటును సెలవు అడిగాను. తనకూ మొయినాబాద్‌లో పని ఉందని వెనక సీట్లో ఎక్కాడు. సమాధుల దొడ్డి దగ్గర మోటారు ఆపితే, "నువ్వు పోయిరా, నేను గీన్నె ఉంట" అన్నాడు.

లోపల వదినె నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లు కూడా పొడిగానే ఉన్నాయి.

"మొన్న నీ మోటారు పోతుంటె మంచంలకెళ్లే ఇన్నడయ్యా. మంచిగనే గుంజుతున్నది అన్నడు. నువ్వు ఆగుతవేమో అనుకున్నడు."

మొన్న నేను ఆగలేదు. ఆయనకు జ్వరమని నాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం, నేను ఆ షెడ్డు ముందు ఆగడం ఎప్పుడో తగ్గించుకోవడమే. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచారు. నేను వెనక్కి తిరిగి రోడ్డు మీదికి నడిచాను.

సేటు మోటారులోనే కూర్చుని ఉన్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"ఆరోజు నట్టు బిగిచ్చింది నేను సేటూ. మిస్త్రి ఖాళీ పెట్టిండు. పేరు పోతదని నేనే తీసేసిన. నన్ను కాపాడనీకె ఆయన మీదేసుకున్నడు."

పట్నానికి కిరాయి ఎంతో చెప్పినట్టే చెప్పాను. కొలువు పోతుందన్న భయం కూడా ఎక్కడా తగల్లేదు. సేటు తిడతాడనుకున్నాను.

"ఎంతమందికి చెప్పిన రా నేను" అన్నాడు. "ఎంతమందికి చెప్పిన."

తలుపు తీసుకుని దిగాడు. చెప్పులు రోడ్డు మీదే వదిలి, తలపాగా చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. ఆయన్ను చూసి జనం పక్కకు జరిగారు. ప్రార్థన అయిపోయింది. ఒక్కొక్కరే వంగి గుప్పెడు మట్టి వేస్తున్నారు. సేటూ వంగి మట్టి తీసుకున్నాడు. తర్వాత పారలు పడ్డాయి, గుంత నిండింది, పైన మట్టి కుప్పగా లేచింది, వదినెను ఆడవాళ్లు నడిపించుకుని వెళ్లిపోయారు. సేటు అక్కడే నిలబడి ఉన్నాడు, మట్టి పట్టిన గుప్పిట ఇంకా మూసే ఉంది.