ఎనభై మైళ్లు, పది నిమిషాలు

దయ్యం ఉందని ఎవరైనా అంటే, దాని బరువెంతో చెప్పమని అడిగే మనిషిని నేను. పెద్దగా చదువుకోలేదు గానీ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మారేడ్‌పల్లిలో మా వీధివాళ్లు బావికి ఎన్ని ఇటుకలు పడతాయో, రైలు ఎప్పుడు చేరుతుందో నన్నే అడుగుతారు.

పోలీసు చర్య ముగిసిన కొత్తలో, వరంగల్లులో ఉన్న మా చెల్లెలు మార్తకు కడుపులో చీము పట్టింది. ఆ రోజే సికింద్రాబాదులో ఆపరేషన్ జరగాలని అక్కడి డాక్టరు చెప్పాడు. రైళ్లు సరిగా నడవడం లేదు. ఆమె భర్త శామ్యూల్ ఎవరెవరినో బతిమాలి, అక్కడి మామునూరు విమానాశ్రయం నుంచి బేగంపేట వచ్చే విమానంలో ఒక్క సీటు సంపాదించాడు.

పటం మీద దారం పెట్టి కొలిచాను. సూటిగా ఎనభై మైళ్లు. ఆ విమానం గంటకు నూట అరవై మైళ్లు పోతుంది, అంటే అరగంట. పైకి లేవడానికి, దిగడానికి మరో పది నిమిషాలు కలపడం నా పద్ధతి. మొత్తం నలభై.

మధ్యాహ్నం టాక్సీ మాట్లాడుకుని వెళ్లి బేగంపేట విమానాశ్రయం ఆఫీసులో కూర్చున్నాను. ఫోను మోగింది. గుమాస్తా నా చేతికిచ్చాడు. మామునూరు నుంచి శామ్యూల్.

"ఇప్పుడే లేసింది బావా. మా నెత్తిమీదికెల్లే పోతున్నది."

వెనక ఇంజను మోత నాకూ వినిపించింది.

నలభై నిమిషాల టైముంది, పోయి పెట్రోలు పోయించుకు రమ్మని టాక్సీ డ్రైవరును పంపించాను. "గాలి ఎటు కొడ్తున్నదో అది సుత లెక్కల ఏసినవా సాబ్?" అని నవ్వుకుంటూ పోయాడు. చాయ్ తెప్పించుకుని సాసర్‌లో పోసుకున్నాను. సగం తాగానో లేదో, పైన మోత. వేరే విమానం అనుకున్నాను.

దాని మెట్ల మీద నుంచి మార్తను ఇద్దరు పట్టుకుని దించుతున్నారు.

ఫోను వచ్చి పది నిమిషాలే అయింది. నా గడియారం, గోడ గడియారం రెండూ అదే చెప్పాయి. పైలట్ తన గడియారం ఆగిపోయిందనుకుని చెవి దగ్గర పెట్టి ఊపుకున్నాడు. అది ఆగలేదు. టాక్సీ మాత్రం లేదు. చివరికి తపాలా లారీలో, సంచుల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాం.

ఇంకో పావుగంట ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నాడు.

పది నిమిషాల్లో రావాలంటే గంటకు దాదాపు ఐదువందల మైళ్లు పోవాలి. ఏ గాలి తోసినా ఆ విమానానికి అంత వేగం రాదు. తర్వాత టికెట్టు కొనుక్కుని నేనే ఆ దారిన వచ్చి చూశాను. నలభై నిమిషాలే పట్టింది. పాస్టరుగారు దేవుని కార్యమన్నారు. కావచ్చు. ఎలా జరిగిందన్నదే నా ప్రశ్న.

కోలుకున్నాక మార్త ఒకసారి నేను కాగితం ముందేసుకుని కూర్చోవడం చూసింది.

"గా లెక్క తప్పింది గాబట్టే నేను బతికిన అన్నా. ఇగ దాన్ని సరిజెయ్యకు."

సరేనన్నాను. కానీ మిగిలిన ఆ అరగంట ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనే ఉంది.