మాలకీ టూహీ పదకొండు రిటైర్మెంట్లు

మనుషులు మామూలుగా ఒక్కసారి రిటైరవుతారు. కాస్త మొండివాళ్లయితే రెండుసార్లు. క్లూన్‌బ్రాక్ అనే ఐరిష్ ఊళ్లో, కర్రలతో బంతి కొట్టే హర్లింగ్ ఆట క్లబ్బుకి గోల్ ముందు కాపలా కాసే ఫుల్‌బ్యాక్ మాలకీ టూహీ మాత్రం పదిహేడేళ్లలో పదకొండుసార్లు రిటైరయ్యాడు. ఒక్కసారి తప్ప అన్నిసార్లూ కన్నీళ్లతో, ఉపన్యాసంతో, ఇక జన్మలో హర్లీ కర్ర పట్టనని తల్లి మీద ఒట్టుతో. ఆ తల్లి బతికే ఉంది. కొడుకు ఒట్టు వేశాడని తెలిసినప్పుడల్లా ఆవిడ వంటింట్లో శిలువ గుర్తు వేసుకుని, ఫిబ్రవరి ప్రాక్టీసుకి అతని బూట్లు ఎండబెట్టడం మొదలుపెట్టేది.

ఈ పదకొండింటిలో పదింటికి ప్రత్యక్ష సాక్షి లోర్కన్ హెహిర్. క్లబ్బు గోల్‌కీపరు. పదిహేనేళ్లు మాలకీ వీపు వెనకే నిలబడి ఆడినవాడు. ఎవరైనా మాలకీ సంగతి ఎత్తితే చాలు, విసుక్కునేవాడు. "ఆ మనిషికి అందరితో కలిసి ఓడిపోవడం చేతకాదు. ఓటమిలో కూడా పెళ్లికొడుకు తనే అవ్వాలి."

మొదటి రిటైర్మెంటును మాత్రం ఊరు మర్యాదగానే తీసుకుంది. డ్రమ్‌సాలా క్లబ్బు చేతిలో సెమీఫైనల్ ఓడిన ఏడాది అది. నవంబరులో విందు పెట్టి, పేరు చెక్కించిన గోడ గడియారం ఇచ్చారు. మాలకీ ఏడ్చాడు, ఆడవాళ్లు ఏడ్చారు, ఫాదరు కూడా జేబురుమాలు తీశాడు. ఫిబ్రవరిలో మొదటి ప్రాక్టీసుకి మాలకీ అందరికంటే ముందొచ్చి కంచె దగ్గర బూట్లు కట్టుకుంటున్నాడు.

"మరి గడియారం?" అన్నాడు సెలెక్టరు పాకీ కాన్సిడైన్.

"బ్రహ్మాండంగా నడుస్తోంది పాకీ. అడిగినందుకు థాంక్స్."

రెండోసారి రిటైరైనప్పుడు పాకీ, "ఆ గడియారం ఇంటి నుంచి పట్టుకురా, మళ్లీ ఇస్తాం" అన్నాడు. మూడోసారి నుంచి ఒకే శుభాకాంక్షల కార్డు వాడారు. పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసేవారు. ఐదోసారికి చర్చి కరపత్రంలో ఒకే ఒక్క వాక్యం పడింది: "టూహీ గారి విషయంలో నిరుటి ప్రకటనే ఈ ఏడాదికీ వర్తిస్తుంది."

అసలు బాధ ఏమిటంటే మాలకీ ఊరి పోస్ట్‌మాన్. మామూలు మనిషి రిటైరైతే పబ్బులో నలుగురికి తెలుస్తుంది. ఇతను రిటైరైతే సోమవారం పొద్దున్న ప్రతి గేటు దగ్గరా అతని పచ్చ పోస్టు వ్యాను ఆగేది. ఉత్తరం చేతిలోనే ఉంచుకుని మొదలుపెట్టేవాడు.

"మాలకీ, అది నా ఆస్పత్రి కాగితం. కంటి ఆపరేషన్ తేదీ చూసుకోవాలి, ఇటివ్వు" అనేది మిసెస్ స్కానలన్.

"కంటికేగా ఆపరేషన్? చెవులు బాగానే ఉన్నాయిగా? విను. నిన్న ఆట అయిపోయాక నేను లేచి నిలబడి ఏమన్నానంటే..."

సాయంత్రానికి ఊళ్లో ఒకటే తిట్లు. సిగ్గులేని వెధవ మళ్లీ రిటైరయ్యాడట. ఈసారి బూట్లు నదిలో విసిరాడట. మళ్లీ తనే దిగి తెచ్చుకున్నాడట, లేసులు కొత్తవని. ఓడిన ఆట గురించి మాట్లాడుకోవడానికి ఎవరికీ ఊపిరి మిగిలేది కాదు.

కౌంటీ జట్టులోకి, అంటే జిల్లా జట్టులోకి కూడా మాలకీ ఒకసారి వెళ్లొచ్చాడు. మూడు సీజన్లు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ మూడేళ్లలో గడ్డి మీద గడిపింది మొత్తం తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల రోజున కౌంటీ గోల్‌కీపరు చేతుల్లోంచి ఐదు గోల్స్ జారిపోయాయి. ఆట చేయి దాటిపోయాక, ఇక చెడిపోవడానికి ఏమీ మిగల్లేదని నమ్మకం కుదిరాక, మాలకీని పంపారు. పంతొమ్మిది పాయింట్ల తేడాతో ఓడారు. మైదానం బయటికొస్తూనే మాలకీ కౌంటీ పెద్ద సెలెక్టరుకి ఎదురెళ్లి, కన్నీళ్లు తుడుచుకుంటూ, "నేను కౌంటీ ఆట నుంచి రిటైరవుతున్నాను" అన్నాడు.

పెద్దాయన ఆగి చూశాడు. "నువ్వెవరు బాబూ?"

అక్కడితో వదిలాడా? లేదు. రేడియో వాడి మైకు లాక్కున్నాడు. "ఇవాళ్టి పాపమంతా నాది. నా కారణంగానే ఆ ఐదు గోల్స్ పడ్డాయి."

"మీరు మైదానంలోకి రాకముందే కదండీ ఐదూ పడ్డాయి?"

"బెంచీ మీద నేను సరిగా కూర్చోలేదు."

ఆ వారమంతా కౌంటీలో ఆ మాటే జోకు. మాలకీని జట్టు నుంచి తీసేశామని బోర్డు ఉత్తరం రాసింది, రిజిస్టర్డ్ పోస్టులో. ఆ ఉత్తరం అతని సంచీలోకే వచ్చింది. తనే ఇంటికి తీసుకెళ్లాడు, తనే తలుపు కొట్టాడు, తల్లి చేత సంతకం పెట్టించుకున్నాడు, అక్కడే గుమ్మంలో నిలబడి చదువుకున్నాడు. "శుభవార్తేనా?" అంది తల్లి. "బోర్డు వాళ్లు స్పెల్లింగు బాగా నేర్చుకున్నారమ్మా. మన పేరు సరిగ్గా రాశారు" అన్నాడు.

ఇదంతా నవ్వుకునే వ్యవహారమే, కౌంటీ క్లబ్ ఫైనల్ వచ్చేదాకా. క్లూన్‌బ్రాక్ ఆ ఫైనల్‌కి చేరి నలభై ఒక్క ఏళ్లయింది. చివరి నిమిషం. క్లూన్‌బ్రాక్ ఒక్క పాయింటు ముందుంది. అరవై గజాల అవతల నుంచి డ్రమ్‌సాలా వాడెవడో దిక్కుతోచక బంతిని ఆకాశంలోకి కొట్టాడు. పిల్లి కూడా పట్టగలిగే బంతి. లోర్కన్ చెయ్యెత్తాడు. బంతి అరచేతిని ముద్దుపెట్టుకుని, మణికట్టు మీదుగా జారి, నింపాదిగా నెట్‌లోకి దొర్లింది. నెట్ పైనుంచి పోతే ఒక్క పాయింటే, నెట్‌లో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. రెండు పాయింట్లతో ఓడిపోయారు.

డ్రెస్సింగ్ రూములో లోర్కన్ మూల కూర్చుని ఒక్కరి గురించే ఆలోచించాడు: మాసీ గార్వన్. నలభై ఒక్క ఏళ్ల కిందట, ఆ పాత ఫైనల్లో, ఇరవై గజాల నుంచి, ఎదుటివాళ్ల ఫౌలుకి దక్కిన ఫ్రీ, ఎవరూ అడ్డురాని దెబ్బ కొట్టే అవకాశం వస్తే పక్కకి కొట్టినవాడు. ఆ తర్వాత మాసీ ఊళ్లో ఎనిమిది ఇళ్లకి కప్పులు వేశాడు, అగ్నిప్రమాదంలోంచి ఒక మనిషిని బయటికి లాగాడు. అయినా ఊరికి అతను "ఆ ఫ్రీ". కొట్టుకెళ్తే ఆ ఫ్రీ వచ్చాడనేవారు. పోయినప్పుడు సమాధి దగ్గర, పెట్టె కిందికి దిగుతుంటే, వెనక నుంచి ఎవరో నిట్టూర్చారు. "హూఁ, ఆ ఫ్రీ గనక పడుంటే..." పెట్టె మోసినవాళ్లలో మేనల్లుడు మాలకీ ముందున్నాడు. ఆ మాట అతనికి వినపడకుండా ఉండే అవకాశం లేదు.

లోర్కన్ ఒక బూటు విప్పాడు. రెండోదాని ముడి మీద చెయ్యి వేశాడో లేదో, గది మధ్యలో కర్ర నేలకేసి కొట్టిన చప్పుడు.

"నేను రిటైరవుతున్నాను!"

"ఇప్పుడా?" పాకీ గొంతు చీలిపోయింది. "ఒరేయ్ దరిద్రుడా, ఇవాళా?"

"ఇవాళే! పదిహేడేళ్ల సేవ. ఈ క్లబ్బులో నాకు దక్కిందేమిటి? ఒక గడియారం. అదీ ఐదు నిమిషాలు వెనక!"

ఇక చూసుకోండి. పాకీ నీళ్ల బకెట్టు తన్నాడు. ఇద్దరు మాలకీ కాలరు పట్టుకున్నారు. మాలకీ ఏడుస్తూ బెంచీ ఎక్కి తల్లి మీద ఒట్టు వేశాడు, దిగమంటే దిగలేదు. గురువారం పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది: ఫైనల్ రోజునే టూహీ వీరంగం. లోర్కన్ పేరు లోపలి పేజీలో, జట్టు జాబితాలో ఉంది, అంతే.

లోర్కన్ ఒళ్లు మండిపోయింది. జీవితంలో ఒకే ఒక్క ఘోరం జరిగితే, దాన్ని కూడా తనని మోయనివ్వకుండా ఈ మనిషి ఎత్తుకుపోయాడు. వ్యాను గేటు దగ్గర ఆగగానే ఎదురెళ్లాడు.

"మాలకీ, ఆ రోజు నేను చచ్చిపోయాననుకో, నా పెట్టె మీద కూడా ఎక్కి ఉపన్యాసం ఇస్తావా?"

"పెట్టె గట్టిదైతే ఇస్తాను."

"నీకు సిగ్గులేదు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు నీ నోరు మూసుకోలేకపోయావు. ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు."

మాలకీ కరెంటు ఆఫీసు ఉత్తరం అందించి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ చలికాలమంతా లోర్కన్ ఉత్తరాలు మాట లేకుండానే వచ్చాయి.

ఫిబ్రవరిలో పదకొండోది. ప్రాక్టీసుకి మాలకీ మామూలు ప్యాంటుతో వచ్చాడు. ఏడుపు లేదు, ఒట్టు లేదు. "మోకాలు పోయింది. ఇక ఆడొద్దన్నారు డాక్టర్లు. నేను మానేస్తున్నాను" అన్నాడు. మైదానమంతా పగలబడి నవ్వింది. పాకీ కళ్లు తుడుచుకుంటూ, "ఆ కార్డు ఎక్కడుందో వెతకండ్రా" అన్నాడు. మాలకీ కూడా కాసేపు నవ్వి, కుంటుకుంటూ వ్యానెక్కాడు. ఈసారి నిజమని వాళ్లకి తెలిసేసరికి మే నెల వచ్చింది. అప్పటికి వీడ్కోలు చెప్పడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. చెప్పలేదు కూడా.

శరదృతువులో మళ్లీ సెమీఫైనల్. ఎదురుగా మళ్లీ డ్రమ్‌సాలా. సమానంగా నడుస్తున్న ఆటలో ఆఖరి ఫ్రీ క్లూన్‌బ్రాక్‌కి దక్కింది. కొట్టేది కాహల్ మినోగ్, ముప్ఫై రెండేళ్ల పాడిరైతు, నిద్రలో లేపి అడిగినా కొట్టగలిగే దూరం. బంతి గోల్‌ స్తంభం బయటి అంచు తాకి పక్కకి పోయింది. అట్నుంచి అటే డ్రమ్‌సాలా వాళ్లు తీసుకెళ్లి పాయింటు కొట్టారు. ఆట ముగిసింది.

డ్రెస్సింగ్ రూములో ఎవరూ మాట్లాడలేదు. లోర్కన్ ఒక బూటు విప్పాడు. రెండోదీ విప్పాడు. ఇంకా ఎవరూ మాట్లాడలేదు. పదహారేళ్లలో ఓడిన గదిలో అంత నిశ్శబ్దం అతనెప్పుడూ వినలేదు. కాహల్ తన బూటు లేసుతో కుస్తీ పడుతున్నాడు. ముడి ఊడటం లేదు. అందరూ ఆ ముడివైపే చూస్తున్నారు. పాకీ మెడ ఎర్రబడుతోంది. ఆ ఎరుపు చెవుల దాకా పాకింది. నోరు తెరిచాడు.

"ఇరవై రెండు గజాలు..." అని మొదలుపెట్టాడు పాకీ, చాలా మెల్లగా.

అప్పుడు లోర్కన్‌కి అర్థమైంది. కిందటేడు తనకీ ఈ నిశ్శబ్దం దొరికింది. కానీ ఒక్క బూటు విప్పేంతసేపే దొరికింది. ఆ తర్వాత ఎవరో వచ్చి దాన్ని కర్రతో పగలగొట్టారు. ఆ సంగతి తెలిసిన క్షణంలోనే తనకి తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"నేను... నేను రిటైరవుతున్నాను."

పాకీ నోరు అలాగే తెరుచుకుని ఉంది. "ఏంటీ?"

లోర్కన్‌కి అసలే ఉపన్యాసం అలవాటు లేదు. నోటికొచ్చింది అనేశాడు. "పదహారేళ్లుగా గోల్ ముందు మోకాలి లోతు బురద! ఒక్క బండి ఇసుక పోయించలేదు మీరు!"

"ఇసుకా?" మైదానం బాగోగులు చూసేది పాకీయే. ముప్ఫై ఏళ్లుగా. "సెమీఫైనల్ ఓడిన రోజున నీకు ఇసుక కావాలా? నా మైదానానికి వంక పెడతావా?"

"పెడతాను! అది మైదానం కాదు, పందుల దొడ్డి!"

గది అంటుకుంది. ఒకడు లోర్కన్ మీదికి తువ్వాలు విసిరాడు. ఇంకొకడు ఇసుక విషయంలో లోర్కన్‌దే న్యాయమన్నాడు, వాడి మీదికి మరొకడు లేచాడు. పాకీ బకెట్టు కోసం వెతుకుతున్నాడు. ఆ గోలలో కాహల్ లేసు ముడి ఊడింది. బూట్లు సంచీలో పడేసి, ఎవరూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

సోమవారం పచ్చ వ్యాను లోర్కన్ గేటు దగ్గర ఆగింది. మాలకీ ఉత్తరం చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇసుకట?" అన్నాడు, ఏడాది తర్వాత మొదటి మాట.

"ఏం, బాలేదా?"

"ఇసుక ఫరవాలేదు. పాకీకి సరిగ్గా తగిలింది. కానీ మరీ పొట్టిగా చేశావట. కన్నీళ్లేవి? బెంచీ ఎందుకెక్కలేదు? పొద్దుట్నుంచి పద్దెనిమిది ఇళ్లలో నీ కథ చెప్పుకొస్తున్నాను. పస లేక నేనే నాలుగు తిట్లు కలిపాను. నువ్వు ఫాదర్ని కూడా తిట్టావని చెప్పాను, ఏమీ అనుకోకు."

లోర్కన్‌ గేటు తీసుకుని బయటికొచ్చాడు. "మాలకీ, కిందటేడు నేను నిన్ను అన్న మాట..."

"ఏ మాట? రోజూ అరవై మంది అంటారు నన్ను. ఎవరిదని గుర్తుపెట్టుకోను?"

అంతలో రోడ్డు మీద ట్రాక్టరు ఒకటి వచ్చి వ్యాను పక్కన ఆగింది. మీద కాహల్ మినోగ్. ఇంజను ఆపకుండానే వంగి లోర్కన్ మీద విరుచుకుపడ్డాడు.

"లోర్కన్, నీలో ఇంత స్వార్థం ఉందనుకోలేదు. నిన్నటి రోజున, మేమంతా ఆ స్థితిలో ఉంటే, నీకు నీ గోల! మా ఆవిడ కూడా అదే అంటోంది. పొద్దున్న పాలకేంద్రంలో అందరూ నీ గురించే ఛీ కొడుతున్నారు. సిగ్గుండాలి మనిషికి."

లోర్కన్ నోరు తెరిచాడు. మాలకీ చల్లగా అతని కాలు తొక్కాడు. లోర్కన్ నోరు మూసుకుని తల వంచుకున్నాడు.

కాహల్ ట్రాక్టరు గేరు మార్చి వెళ్లిపోయాడు, నడుం నిటారుగా, ఎదురొచ్చిన వాళ్లందరికీ చెయ్యి ఊపుతూ. ఆ చెయ్యి మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"బాగా తిట్టాడు" అన్నాడు లోర్కన్.

"బ్రహ్మాండంగా తిట్టాడు" అన్నాడు మాలకీ, తృప్తిగా. ఉత్తరం అతని చేతిలో పెట్టి, కుంటుకుంటూ వ్యానెక్కాడు. ఇంకా నలభై రెండు ఇళ్లున్నాయి.