నూరు దాటిన మధ్యాహ్నం

గణపతుల కళ్లు దిద్దే మా అన్న కుడిచేతి మీద చెక్కసుత్తితో కొట్టింది నేనే. కారణం చెబితే మీరు నవ్వుతారు. ఆ రోజు అన్న కూడా నవ్వాడు. అందుకే కొట్టాను.

ధూల్‌పేట్‌లో మాది విగ్రహాలు చేసే ఇల్లు. వేసవిలో భోజనాలయ్యాక ఎండ దిగేదాకా పని ఆపి, అచ్చుల మధ్య పెట్టుకున్న పాత కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. ఆటలో భూమి లోపల పన్నెండు మందిని బతికించాలి. ఆవిరితో టర్బైన్ తిరుగుతుంది. దాని కరెంటుతో నీళ్లను చల్లబరిచే యంత్రం నడుస్తుంది. ఆ చల్లటి నీళ్ల పైపే మళ్లీ టర్బైన్‌ను కాపాడుతుంది. ఒకరి గొంతు ఒకరు పట్టుకుని బతికే సంసారం. టర్బైన్ వేడి నూరు డిగ్రీలకు చేరితే అది ఆగిపోతుంది. నాకు అంత ఇంగితం లేదు, నేను నూరు దాటాకే మొదలవుతాను.

ఆ మధ్యాహ్నం తొంభై ఏడు. తొంభై ఎనిమిది.

"ఏందిరా, గట్ల చెమటలు గక్కుతున్నవ్?" రోజూలాగే అన్న వెనక నిలబడ్డాడు.

"సప్పుడు చెయ్యకు అన్నా, మనుషులు సస్తరు."

నూరు. టర్బైన్ ఆగింది, దాంతో అన్నీ ఆగాయి. నా చేతికి ఇంటి అలవాటు గుర్తొచ్చింది. అచ్చులో పోసిన ప్లాస్టర్ వేడెక్కితే మేం చేసేది ఒకటే, తలుపు బార్లా తెరిచి గాలి ఆడనివ్వడం. ఆటలోనూ ఆవిరి గది తలుపు తెరిచాను.

గాలి లోపలికి పోలేదు. ఆవిరి బయటికి దూకింది. పడుకున్నవాళ్లు పక్కల మీదే ఉడికిపోయారు. వంటమనిషి పొయ్యి దగ్గరే కూలాడు. పరుగెత్తినవాళ్లను ఆవిరి తరుముకుంటూ పోయి, మూలకు నెట్టి చంపింది. పదకొండు మంది. ఆట దానంతటదే ఆ ఘోరాన్ని భద్రం చేసుకుంది, వెనక్కి పోయే దారి లేదు.

"ఇడ్లీలు మస్తు ఉడికినయ్‌రా. చట్నీ ఏది?" అని అన్న నవ్వాడు.

అచ్చులు విప్పే సుత్తి చేతికందింది. భుజానికి విసిరిన దెబ్బ, ఆయన అడ్డం పెట్టిన చేతి మీద పడింది. అన్న అరుస్తూనే ఎడమచేత్తో నా ముక్కు పగలగొట్టాడు. ఇద్దరం పట్టుకుని దొర్లాం. ఆరబెట్టిన గణపతి తొండం మా కింద ముక్కలైంది. దేవుడికీ నాకూ ఒకే పూట ముక్కు పోయింది.

వదిన పరుగెత్తుకొచ్చింది. "నలభై దాటిన దున్నపోతులు! గా బొమ్మల కోసం తన్నుకుంటరా?"

ఏ బొమ్మలు వదినా అని అడుగుదామనుకున్నాను, నోటి నిండా రక్తం.

ఐసు వేసిన బకెట్‌లో అన్న చెయ్యి ముంచాడు. చెయ్యి బూరెలా ఉబ్బింది. చిటికెన వేలు కదిలింది, ఉంగరపు వేలు కదిలింది. కుంచె పట్టే చూపుడు వేలు కదల్లేదు. వినాయక చవితికి ఇంకా ఎన్ని కళ్లు దిద్దాలో మా ఇద్దరికీ తెలుసు.

అన్న బకెట్‌లోకి చూస్తూ అన్నాడు. "టర్బైన్‌కు పైపు ఒక్క పక్కనుంచే తిప్పినవ్‌రా. నీళ్లు సుట్టూ ఉండాలె. గిట్ల."

చూపించాలని నీళ్లలో చెయ్యి తిప్పాడు. చూపుడు వేలు కొంచెం వంగింది.

"వంగింది అన్నా!"

"వంగుతది. నీ కండ్లల్ల పొడవనీకె గావాలె గదా." పళ్లు బిగబట్టి మళ్లీ వంచాడు. "ఇంకొకడు మిగిలిండు గదరా, ఆడు సచ్చేలోపు పోయి పైపు ఎయ్యి."

ముక్కులో దూది పెట్టుకుని పోయి కూర్చున్నాను.