ప్రకటనలు కనబడని ఏడాది

ఖమీస్ ముషైత్‌లో ఆసుపత్రి వాళ్లిచ్చిన ఫ్లాటులో నలుగురు నర్సులం ఉండేవాళ్లం. నలుగురికీ కలిపి ఒకటే కంప్యూటర్. ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్లిపోతున్న ఒక ఫిలిప్పీన్ సిస్టర్ దగ్గర నేనే బేరమాడి కొన్నాను. నేను కొన్నాను కాబట్టి అది నా మంచం పక్కన ఉండేది. నా మంచం పక్కన ఉండేది కాబట్టి ఎవరు ఏం చూస్తున్నారో నాకు తెలిసేది. మిగతా ముగ్గురూ దాన్ని నిఘా అనేవారు. నేను జాగ్రత్త అనేదాన్ని.

రెండువేల ఏడు, ఎనిమిది నాటి మాట. అప్పట్లో ఇంటర్నెట్ ఫోన్ తీగ మీదే వచ్చేది. వీధి చివర బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, గంటల లెక్కన కార్డు కొనుక్కుని, గీకి, నంబరు కొట్టి లోపలికి వెళ్లాలి. పేజీ పైనుంచి కిందికి దిగడానికి పట్టే సమయంలో నేను పప్పు కడిగి కుక్కర్ ఎక్కించేసేదాన్ని.

మేం రోజూ చూసేది ఒక తెలుగు సైటు. దమ్మామ్‌లో ఎవరో తెలుగాయన నడుపుతున్నాడని తెలుసు, అంతే. ఇవాళ రియాలుకి ఎన్ని రూపాయలు, డ్రాఫ్టు తియ్యడానికి ఎక్కడ ఎంత పట్టుకుంటున్నారు, మన బ్యాంకుల్లో ఎన్నారై డిపాజిట్ల మీద వడ్డీ ఎంత, ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, దాని రెన్యువల్‌కి కొత్తగా ఏ కాగితం అడుగుతున్నారు, అన్నీ అందులో ఉండేవి. మా ఆసుపత్రి ఆఫీసులో ఏది అడిగినా "బుక్రా" అనేవాళ్లు, రేపు రమ్మని. ఆ రేపు ఎవరికీ వచ్చిన గుర్తు లేదు. ఈ సైటు మాత్రం అదే రోజు చెప్పేది.

కాకపోతే చెప్పేది నాలుగు ముక్కలు, దాని చుట్టూ గెంతే బొమ్మలు. మీరే విజేత అని ఒకటి, పెళ్లి సంబంధాలని ఒకటి, ప్లాట్లని ఒకటి, బంగారమని ఒకటి. అవి దిగేసరికి కార్డులో గంట అయిపోయేది. నా డబ్బు పెట్టి వాళ్ల బొమ్మలు చూడ్డమేమిటని రోజూ గొణిగేదాన్ని.

నా గొణుగుడు భరించలేక వరంగల్ వైపు నుంచి వచ్చిన చిన్న సిస్టర్ ఒక రోజు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమెకి ఇరవై ఆరేళ్లు, ఐసీయూలో పని.

"అక్కా, గీ యాడ్‌లన్నీ బంద్ జేస్త. చిన్న ప్రోగ్రాం ఉన్నది, ఫ్రీ."

"ఫ్రీగా ఎవడు చేసిపెడతాడే? వాడికేం లాభం?"

"ఎవలో మంచోళ్లు చేసిన్రక్కా."

"మంచోళ్లా? మన పాస్‌వర్డులు పట్టుకుపోతే?"

"నీ పాస్‌వర్డు నీ బిడ్డ పేరే గదక్కా. ఫ్లాటుల అందరికి తెలుసు."

అరగంట వాదించి ఒప్పుకున్నాను. ఆ సాయంత్రం సైటు తెరిస్తే తెల్లగా, ప్రశాంతంగా, అప్పుడే దులిపి పరిచిన దుప్పటిలా ఉంది. రియాలు ధర, వడ్డీ, కాగితాలు, అంతే. ఇంక మీదట నాకు ఎవడూ ఏదీ అమ్మలేడు అనుకున్నాను. ఆ నమ్మకమే నా కొంప మీదికి తెచ్చింది.

నా పొదుపు గురించి కూడా చెప్పాలి. పదకొండేళ్లు సౌదీలో ఆపరేషన్ థియేటర్లలో నిలబడి దాచిన సొమ్ము అది. మా వాళ్లందరూ దాని మీద బస్సు సీటు మీద తుండుగుడ్డ వేసినట్టు ముందే గుడ్డలు వేసుకుని కూర్చున్నారు. మా ఆయనకి లారీ కావాలి. మా మరిదికి రొయ్యల చెరువు కావాలి. నాకు కావలసింది ఒకటే, రెండు గదుల ఇల్లు, నా పేరు మీద. మా ఫ్లాటులున్న బిల్డింగ్ గేటుకి తాళం వేసేది వార్డెన్. గురువారం సాయంత్రం ఆసుపత్రి బస్సు వస్తే బజారుకి వెళ్లాలి, బస్సు తిరిగొస్తే మేమూ తిరిగిరావాలి. పదకొండేళ్లు అలా ఉన్నదానికి తన తలుపుకి తను తాళం వేసుకోవాలని ఉండడం వింతేం కాదు. ఇంకో రెండేళ్లలో కాంట్రాక్టు అయిపోతుంది. ఆలోపు స్థలం కొనాలి. ఎవరికీ చెప్పకుండా కొనాలి.

ప్రకటనలు ఆపిన మూడు నెలలకి సైటు మీద "విన్నపం" అని ఒకటి వెలిసింది. యాడ్‌లు ఆపేవాళ్లు ఎక్కువయ్యారట, సర్వర్ అద్దె కట్టడం కష్టంగా ఉందట. దయచేసి ఆ ప్రోగ్రాం తీసెయ్యండి, లేదంటే ఏడాదికి ఇరవై రియాళ్లు ఇచ్చి ఆదుకోండి అని రాశాడు. క్రెడిట్ కార్డు లేనివాళ్లు ఇరవై రియాళ్ల మొబైల్ రీఛార్జ్ కార్డు కొని, గీకిన నంబరు ఈ ఫోన్‌కి మెసేజ్ చెయ్యండి.

ఆ చివరి మాట దగ్గర నేను కుర్చీలోంచి లేచాను. సరిగ్గా ఆ నెలలోనే మా వార్డులో తుడిచే బంగ్లాదేశ్ ఆవిడకి ఎవడో ఫోన్ చేసి, లాటరీ తగిలింది, కార్డు నంబర్లు చెప్పు అన్నాడు. పాపం చెప్పింది. ఒకటి కాదు, ఆరు కార్డులు.

"చూశావా? అదే పద్ధతి. అచ్చం అదే," అన్నాను.

"మన దగ్గర క్రెడిట్ కార్డు లేదు గదక్కా. ఆయనేం జేస్తడు మరి? ఇరవై రియాల్ల కోసం దమ్మామ్ నుంచి బస్సెక్కి రమ్మంటవా?"

"రానీ. వస్తే మొహమైనా చూస్తాను."

చిన్న సిస్టర్ తన వంతు కార్డు పంపింది. నేను మాత్రం ఒక ఉత్తరం పంపాను. అయ్యా, తమరెవరు, తమ సర్వర్ అద్దె ఎంత, రసీదు ఏది, ఊరికే పెట్టిన సైటుకి ఊరికే చూసేవాళ్లు డబ్బెందుకివ్వాలి అని రెండు పేజీలు దంచాను. జవాబు రాలేదు. నిజాయితీ ఉన్నవాడైతే జవాబిస్తాడు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

తరవాత కొన్నాళ్లకి సైటులో ఒక వ్యాసం వచ్చింది. పేరు "ఒక సిస్టర్ పొదుపు కథ". జెద్దాలో పనిచేసే తెలుగు నర్సు రాసుకున్నట్టుంది. జీతం అందగానే ఇంటికి ఎంత పంపేది, తనకంటూ ఎంత దాచేది, వాళ్లాయనకి తెలియకుండా విశాఖ దగ్గర ఒక లేఅవుట్‌లో స్థలం ఎలా కొనుక్కుంది, అన్నీ పూసగుచ్చినట్టు రాసింది. "నా తాళం నా చేతిలో ఉండాలనుకున్నాను" అని కూడా రాసింది. ఆ వాక్యం దగ్గర నాకు కళ్లు చెమర్చాయి. మూడుసార్లు చదివాను. చివర లేఅవుట్ వాళ్ల ఫోన్ నంబరు ఉంది.

అది ప్రకటన అయితే మా ప్రోగ్రాం ఆపేసేది కదా. ఆపలేదు కాబట్టి అది నిజం. నేను డిగ్రీ చదివినదాన్ని, మందు సీసా మీద తేదీ రెండుసార్లు చూడందే సిరంజి ఎక్కించనిదాన్ని, ఇలా ఆలోచించాను.

ఫోన్ చేశాను. అటునుంచి ఒకాయన "చెల్లెమ్మా" అంటూ మర్యాదగా మాట్లాడాడు. గల్ఫ్ సిస్టర్లకి ప్రత్యేక ధర అన్నాడు, ఉన్నవి నాలుగే ప్లాట్లన్నాడు. బుకింగ్‌కని కొంత సొమ్ము పంపేశాను. మిగతాది వచ్చే గురువారం బస్సులో వెళ్లి డ్రాఫ్టు తియ్యాలనుకున్నాను. మిగతాది అంటే దాదాపు అంతా.

ఆ గురువారం సాయంత్రం, అసర్ నమాజ్ అయ్యాక బస్సు. నేను హ్యాండ్‌బ్యాగులో కాగితాలు సర్దుకుని, మీద ఒంటినిండా కప్పే నల్లటి అబాయా వేసుకుని కూర్చున్నాను. ఏ గురువారమూ ఇంత ముందుగా తయారవ్వని నన్ను చూసి చిన్న సిస్టర్ కూపీ లాగింది. చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుందనిపించింది. ఆమె వ్యాసం తెరిచి చదవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ.

"అక్కా, గీడ జూడు. 'డ్యూటీ దిగి కారు తీసుకుని బ్యాంకుకి వెళ్లాను' అన్నది."

"లిమోజిన్ తీసుకుని ఉంటుంది." ఇక్కడ ట్యాక్సీని లిమోజిన్ అంటాం.

"మరి గిదేంది? 'బ్యాంకు ముందు పార్కింగ్ దొరక్క రెండు చుట్లు తిరిగాను.' లిమోజిన్‌ల పోయినామెకు పార్కింగ్‌తోటి ఏం పని?"

నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఉంది. మూడుసార్లు చదివినప్పుడూ ఉంది. అప్పట్లో సౌదీలో ఆడది స్టీరింగ్ పట్టుకోవడానికే వీల్లేదు. ఈ జెద్దా సిస్టర్ మాత్రం పార్కింగ్ వెతుక్కుంటోంది.

"డ్రైవర్ తిప్పి ఉండొచ్చు," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"నర్సు జీతానికి డ్రైవరా? అక్కా, నువ్వు అందర్ని అనుమానిస్తవ్. గీమెను ఎట్ల వదిలేసినవ్?"

కింద బస్సు హారన్ కొట్టింది. నేను అబాయా విప్పేశాను.

విన్నపంలో ఉన్న ఫోన్ నంబరు నాకు ఆనాడు పనికొచ్చింది. చేశాను. వెనక ఎవరో నలుగురు మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు, గిన్నెల చప్పుడు.

"సైటు నడిపేది మీరేనా?"

"అవును మేడమ్. ఎవురు మాట్లాడేది?"

"మీ సైటులో జెద్దా సిస్టర్ కారు నడుపుతోంది. లైసెన్సు ఎవరిచ్చారో కనుక్కుందామని."

తలుపు వేసిన శబ్దం వచ్చాక గొంతు తగ్గించి మాట్లాడాడు. "అది నేను రాసింది కాదు మేడమ్. లేఅవుట్ వాళ్లు రాయించి పంపినారు. నేను పెట్టినా, అంతే."

"అంటే యాడ్."

"యాడే."

"యాడ్ అని ఎక్కడ రాశారు?"

"రాస్తే మీరంతా ఆపేసుకుంటారు కదా మేడమ్. అందుకే ఊరికే వ్యాసం మాదిరి పెట్టమన్నారు. ఎక్కువ ఇస్తామన్నారు."

"మీ సర్వర్ అద్దె కోసం నా ఇల్లు అమ్ముతారా?"

"మీ ఇల్లా మేడమ్? మీరు... కట్టేసినారా?"

ఆ మాటలో నిజంగా భయం వినబడింది. బుకింగ్ మాత్రమే అన్నాను. ఆయన ఊపిరి వదిలాడు. "ఇంక కట్టొద్దండి మేడమ్. ఆ లేఅవుట్ ఉండాదో లేదో నాకు తెలీదు. నేను చూడలే. నేను గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని. ముందు ఆ బొమ్మల యాడ్‌లతో అద్దె వెళ్లిపోతాండె. ఆర్నెల్లుగా జీతంలోంచి కడతాండా. విన్నపం పెడితే ఎంతమంది పంపినారనుకున్నారు? ముగ్గురు. ఖమీస్ నుంచి ఇంకొకామె రెండు పేజీలు తిట్టి పంపింది."

"ఆ రెండు పేజీలూ నావే."

"మీవేనా మేడమ్? బాగా రాసినారు."

అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేలలేదు. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ కోపంలోనే ఇంకోటి తట్టింది. ఇన్నాళ్లూ రియాలు ధర నాకు ఊరికే చెప్పిన మనిషికి నేనిచ్చింది తిట్లు. లేఅవుట్ వాడిచ్చింది డబ్బు. ఆయన ఎవరి మాట వింటాడు మరి?

చిన్న సిస్టర్ని బకాలాకి పంపి ఇరవై రియాళ్ల కార్డు తెప్పించాను. గీకాను. పద్నాలుగు అంకెలు. ముందు ఏడు అంకెలు మెసేజ్ పంపి, ఫోన్ చేశాను.

"సగమే వచ్చినాది మేడమ్."

"తెలుసు. ఆ వ్యాసం మీద, పైన, ఎర్ర అక్షరాలతో, ఇది డబ్బు తీసుకుని వేసిన ప్రకటన అని రాయండి. నేను చూసుకున్నాక మిగతా ఏడు."

"మేడమ్, వాళ్లు డబ్బు వెనక్కి అడుగుతారు."

"నేనూ అడుగుతున్నాను నా బుకింగ్ సొమ్ము. వాళ్లు నాకిచ్చినప్పుడు మీరు వాళ్లకివ్వండి."

"ఏం మనిషి మేడమ్ మీరు," అని నవ్వేశాడు.

మర్నాడు శుక్రవారం, సెలవు రోజు ఉదయం, ఫ్లాటులో మా బైబిలు ప్రార్థన అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏమనుకున్నానో, ముందు ఆ ప్రోగ్రాం తీసెయ్యమని చిన్న సిస్టర్‌తో అన్నాను.

"ఎందుకక్కా? మళ్ల ఎగిరే బొమ్మలొస్తయ్."

"రానీ. నాకు ఎవడు ఏం అమ్మాలనుకుంటున్నాడో కనబడాలి."

పేజీ దిగడానికి ఒక కూర తరిగేంత సేపు పట్టింది. మీరే విజేత, పెళ్లి సంబంధాలు, బంగారం, అన్నీ తిరిగొచ్చి గెంతుతున్నాయి. వాటి మధ్య ఆ వ్యాసం, దాని నెత్తిన ఎర్రగా ఒక వరుస. మిగతా ఏడు అంకెలు పంపాను. "అందినాయి మేడమ్, సంతోషం" అని జవాబొచ్చింది.

బుకింగ్ సొమ్ము మళ్లీ నా మొహం చూడలేదు. చెల్లెమ్మా అన్న అన్నయ్య ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ లేఅవుట్ అసలు ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మిగతా పొదుపు ఎన్నారై డిపాజిట్‌లో వేశాను, వడ్డీ ఎంతో ఆ సైటులోనే చూసి, బ్యాంకుకి ఫోన్ చేసి రూఢి చేసుకుని. రెండేళ్లకి దానితోనే రెండు గదుల ఇల్లు కొన్నాను, రెండు తాళాలు కూడా.

అంతకు ముందు, ఏడాది తిరగ్గానే నేను మళ్లీ కార్డు గీకాను. ఏడు అంకెలు పంపాను. "మిగతా ఏడు దేనికి మేడమ్ ఈసారి?" అని ఆయన మెసేజ్. ఊరికే, ముందు చూసుకుంటాను అన్నాను. చూశాను. డబ్బు తీసుకున్న ప్రతి వ్యాసం మీదా ఎర్ర వరుస ఉంది. కానీ పోయిన ఏడాది కంటే అక్షరాలు కాస్త చిన్నవయ్యాయి.

ఫోన్ తీశాను.